పునాస చెట్టు, మా గేటు దాటిన మేక

మా ఇంటి ముందున్న పునాస మామిడి చెట్టును ఎవరైనా మెచ్చుకుంటే నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోతుంది. చెట్టుకేం, బంగారం లాంటి చెట్టు. మనిషి ఎత్తుకు కాస్త పైన ఆగి గొడుగులా విచ్చుకుంది. గోడ మీద పడదు, కరెంటు తీగల జోలికి పోదు. కింద నిలబడి చెయ్యి చాపితే కాయ అందుతుంది. తోటల్లో మామిళ్ళన్నీ కాపు ముగించి ఊరుకున్న కార్తీకంలో కూడా దీనికి గుత్తికి రెండో మూడో వేలాడుతుంటాయి. పొయ్యి మీద చేపల పులుసు పెట్టి, మా వీధి ఆడవాళ్ళు గేటు దగ్గరికొచ్చి "అక్కా, ఒక్క కాయ" అంటారు. కోసి ఇస్తాను. కాయ కొంగులో వేసుకుని వాళ్ళు తప్పకుండా ఒక మాట అనేవాళ్ళు. "నీ నోటికి జడిసి ఆ మొక్కలాయన మళ్ళీ వచ్చి అంటు కట్టి పొయ్యినాడు. లేకుంటే ఈ చెట్టు పొయ్యిలోకే గదక్కా!"

నేను నవ్వేదాన్ని. ఏడాది పాటు అలా నవ్వుతూనే గడిపాను.

మాది దొరవారిసత్రం దగ్గర పల్లె. వరి పండించుకునే ఇల్లు. నాకు నోరెక్కువని పుట్టింట్లో అన్నారు, మెట్టినింట్లో అన్నారు, రేషన్ షాపు దగ్గర వరసలో నిలబడ్డ వాళ్ళూ అన్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాది మంచిదని ఎవరూ అనలేదు గానీ, దాని వల్ల నాకు జరగని పని లేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కొంచెం గర్వంగానే ఉండేది.

కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు ముందు కాస్త జాగా మిగిలింది. పెద్ద చెట్టుకు చాలదు. అక్కడ మామిడి ఉండాలని పట్టుబట్టింది నేనే. మా వైపు చేపల పులుసులో మామిడికాయ ముక్క లేకపోతే దాన్ని పులుసని ఒప్పుకోరు. చింతపండు ఎంత పిండినా ఆ రుచి రాదు. ఎండాకాలం సరే, కాయలు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ మా దాపున ఉన్న సరస్సులో చేప బాగా దొరికేది వానాకాలంలో, చలికాలంలో. అప్పుడు చేప ఉంటుంది, కాయ ఉండదు. ఏడాదికి రెండు మూడు సార్లు కాసే పునాస ఇంట్లో ఉంటే ఇక ఎవరి మొహమూ చూడక్కర్లేదని నా ఆశ.

చిల్లకూరు వైపు నుంచి ఒక పెద్దాయన వానలు పడే రోజుల్లో మోపెడ్‌కు రెండు వైపులా బుట్టలు కట్టుకుని, అంటు మొక్కలు తెచ్చి ఊరూరా అమ్మేవాడు. తనే కట్టిన అంట్లు. ఆయన వేళ్ళనిండా మామిడి జీడి అంటుకుని కాలిన నల్లటి మచ్చలుండేవి. మాట మెత్తన. మొక్క చేతికిస్తే చంటిబిడ్డను అప్పగించినట్టు పది జాగ్రత్తలు చెప్పేవాడు. మా ఊళ్ళో ఆయన దగ్గర మొదట కొన్నది నేనే. మిగిలినవాళ్ళు నాది ఎలా వస్తుందో చూసి కొందామని ఆగారు.

"ఈ ప్లాస్టిక్ పట్టీ చుట్టిన ముడి చూసినావా అమ్మా," అన్నాడు ఆయన. "దీనికి కింద ఉండేది నాటు మొక్క. పైన ఉండేది పునాస. ముడి మట్టిలోకి పోకూడదు. ముడికి కింద ఏ చిగురు వచ్చినా గిల్లి పారేయాల. దాన్ని వదిలిపెడితే అదే చెట్టయి కూర్చుంటాది."

నేను "సరే సరే" అంటూనే ఉన్నాను. ఆ సరేలన్నీ ఉత్తవే. ఆయన మాట్లాడుతుంటే నేను మా ఇంటాయనకు గుంట ఎక్కడ తవ్వాలో చేత్తో చూపిస్తున్నాను. ఆయన చెప్పింది చెవిన పడింది, తలకెక్కలేదు.

మరుసటి ఎండాకాలానికి మొక్క మోకాలెత్తు అయింది. ఆ రోజు పొద్దున సరస్సు ఒడ్డు ఊరి నుంచి వచ్చే చేపలామె గేటు ముందు సత్తు తట్ట దించింది. ఆమె మా చుట్టుపక్కల పది ఊళ్ళకు చేపలు పోస్తుంది. చేపతో పాటు ఊళ్ళ కబుర్లూ పోస్తుంది. బేరమాడి చేపలు తీసుకుని, కడిగే తొందరలో గేటు గడియ వెయ్యకుండా పెరట్లో కొళాయి దగ్గరికి వెళ్ళిపోయాను. చేపలు సగం కడిగానో లేదో, వీధిలో ఎవరో "హేయ్! హేయ్!" అని అదిలించిన చప్పుడైంది. పరిగెత్తుకొచ్చేసరికి ఒక మేక మా గేట్లోంచి బయటికి దూకి పోతోంది. మొక్కకు ఆకు మిగల్లేదు. ముడి పైన రెండు వేళ్ళంత పుల్ల నిలబడి ఉంది, అంతే.

నాకు మొక్క పోయిందన్న బాధ కంటే మా ఇంటాయన ఏమంటాడన్న గుబులే ఎక్కువ. అంతకు ముందు వారమే గేటు తీసిపెట్టి పొలానికి పోయాడని ఆయన్ను వీధంతా వినేలా తిట్టి ఉన్నాను. ఇప్పుడు అదే తప్పు నేను చేశానని ఎలా చెప్పను? గంపెడు మట్టి, గంపెడు పేడ ఎరువు తెచ్చి మొదట్లో ఎగదోశాను. పుల్ల, ముడి అన్నీ కప్పబడిపోయాయి. చుట్టూ కంప నాటాను. ఆయన వచ్చి అడిగితే, ఎండకు ఆకు రాల్చింది, అందుకే మట్టి కప్పానన్నాను. ఆయన "ఊ" అన్నాడు.

ఇరవై రోజులకు మట్టిలోంచి ఎర్రటి చిగురు ఒకటి బయటికొచ్చింది. నేను దానికి పసుపూ కుంకుమా పెట్టడం ఒక్కటే తక్కువ. బతికింది, నా పరువు నిలిచింది అనుకున్నాను. అది ఎక్కడి నుంచి వచ్చిన చిగురో చూడాలని నాకు తోచనే లేదు.

చెట్టు పెరిగింది. పొట్టిగా, గుబురుగా వస్తుందన్నది కాస్తా తాడిచెట్టులా నిటారుగా పైకి పోయింది. మంచి బలమని మురిసిపోయాను. అయిదేళ్ళు దాని నీడలో నిలబడి, మాది పునాస, మాకు కార్తీకంలోనూ కాయ ఉంటుందని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఏ కార్తీకంలోనూ పూత రాలేదు. ఆరో ఏట వేసవిలో మొదటిసారి పాతిక కాయలు దిగాయి. కొత్త చెట్టు కాపు కదా, ఆరిళ్ళకు రెండేసి కాయలు పంపాను. మేమూ వంజరం పులుసు పెట్టుకున్నాం. మా ఇంటాయన ముక్క నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, వేలితో పళ్ళ సందుల్లోంచి పీచు తీసి కంచం అంచున పెట్టాడు. పులుసంతా జీడి వాసన. సాయంత్రానికి ఆరిళ్ళ నుంచీ కబురొచ్చింది. "పునాసంటివి, ఇదేందక్కా, కొబ్బరి పీచా?" అని ఒకామె నవ్వింది.

ఆ నవ్వు నన్ను కాల్చేసింది. మర్నాడు పొద్దున్నే మా ఇంటాయన్ను బండి తియ్యమని చిల్లకూరు దగ్గర హైవే పక్కకు పోయాను. ఆ మొక్కల పెద్దాయన అక్కడ చెట్టు నీడలో మొక్కలు పెట్టుకుని కూర్చుంటాడని తెలుసు. నలుగురైదుగురు బేరమాడుతున్నారు. నేను కాయను ఆయన ముందు నేలకేసి కొట్టాను. "ఇదీ నీ పునాస! పీచు మామిడికి పట్టీ చుట్టి అంటగడతావా? తల నెరిసినోడివి, సిగ్గు లేదూ!" అన్నాను. ఇంకా చాలా అన్నాను. రాయడానికి చెయ్యి రావడం లేదు. నేనింకా అరుస్తుండగానే, కొనడానికి వచ్చినవాళ్ళు మొక్కలు కింద పెట్టి ఒక్కొక్కరే జారుకున్నారు. ఆయన పగిలిన కాయను చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. "రేపొచ్చి చెట్టు చూస్తానమ్మా" అన్నాడు.

అన్నట్టే వచ్చాడు. తమాషా చూడ్డానికి మా వీధి సగం గేటు దగ్గర చేరింది. చేపలామె కూడా తట్ట దించుకుని నిలబడింది. ఆయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, నా వైపు చూసి మెల్లగా అడిగాడు.

"చిన్నప్పుడు మేక గానీ ఆవు గానీ కొరికిందా అమ్మా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా గొంతు దానంతటదే లేచింది. "మేకా? మా గేటు దాటి చీమ కూడా రాదు! తప్పు నీ దగ్గర పెట్టుకుని మా ఇంటి మీద తోస్తావా?" అన్నాను. మా ఇంటాయన నా పక్కనే ఉన్నాడు. ఊరంతా వింటోంది. నేను అబద్ధం చెబుతున్నానని నాకు తెలుసు. మేక తినడానికీ కాయ మారడానికీ సంబంధం ఏమిటో మాత్రం అప్పుడు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

ఆయన కింద కూర్చుని చెట్టు మొదట్లో గట్టిపడ్డ మట్టిని చేత్తో తవ్వాడు. మాను పక్కన చిటికెన వేలంత ఎండుపుల్ల ఒకటి బయటపడింది. దానికి ఇంకా మాసిపోయిన ప్లాస్టిక్ పట్టీ చుట్టుకుని ఉంది. ఆయన దాన్ని చూశాడు. తలెత్తి నన్ను చూశాడు. తర్వాత సంచిలోంచి చిన్న రంపం తీసి, జనానికి వీపు అడ్డం పెట్టి, రెండు లాగుల్లో ఆ పుల్ల కోసి చొక్కా జేబులో వేసుకున్నాడు. మట్టి మళ్ళీ సర్దాడు. లేచి చేతులు దులుపుకుని, అందరికీ వినపడేలా అన్నాడు: "నా దగ్గరే తప్పు జరిగుంటాదమ్మా. వాన పడినాక కొమ్మలు కొట్టి, చిగుళ్ళ మీద పునాస మళ్ళీ కడతా. మీరేం డబ్బులు ఇయ్యబళ్ళేదు."

జనం నా వైపు మెచ్చుకోలుగా చూశారు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. చేపలామెను పిలిచి, "నువ్వు పోయే ఊళ్ళల్లో చెప్పు. ఆయన దగ్గర మొక్క కొనేవాళ్ళు నాలాగ మోసపోతారని చెప్పు" అన్నాను. ఆమె "అట్నే అక్కా" అని తట్ట ఎత్తుకుంది. పది ఊళ్ళు. నా మాట ఆ తట్టలో కూర్చుని పోయింది.

చినుకు పడగానే ఆయన వచ్చి చెట్టును నడుం ఎత్తున కొట్టేశాడు. నెలన్నరకు మొండి నిండా చిగుళ్ళు వచ్చాయి. మళ్ళీ వచ్చి, పునాస పుల్లలు తెచ్చి, ఒక్కో చిగురు మీద అంటు కట్టాడు. మా ఇంటాయన చిగురు కదలకుండా పట్టుకున్నాడు, నేను పట్టీలు అందిస్తున్నాను. పని చేస్తూ, కొమ్మ వైపే చూస్తూ ఆ పెద్దాయన అన్నాడు: "ముడికి కింద చిగురు వస్తే గిల్లేయండమ్మా. పైన ఉండే పునాస ఎండిపోయిందంటే కింద నుంచి నాటుదే లేస్తాది. చూసేదానికి మొక్క బతికినట్టే ఉంటాది."

పట్టీ నా చేతిలోనే ఉండిపోయింది. ఆరేళ్ళ కిందట ఇదే గొంతు ఇదే మాట చెప్పింది. మేక తిన్నది పునాసను. నేను మట్టి కప్పింది దాని మీద. నేను మురిసిపోయిన ఎర్ర చిగురు నాటుది. ఆయన జేబులో వేసుకున్న పుల్ల నా తప్పుకు సాక్ష్యం. ఇవన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. అప్పుడు నోరు తెరవాల్సింది. మా ఇంటాయన పక్కనే ఉన్నాడు, ఆ పెద్దాయన ఎదురుగానే ఉన్నాడు, ఇంకెవరూ లేరు. అంత నోరున్న నేను తేలు కుట్టిన దొంగలా నిలబడి, ఇంకో పట్టీ అందించాను. "కాఫీ తాగి పో" అన్నాను. అంత కంటే పెద్ద మాట రాలేదు.

రెండేళ్ళకు చెట్టు కాపుకొచ్చింది. కార్తీకంలో కాసింది, మళ్ళీ ఎండాకాలంలో కాసింది. కాయ పుల్లగా, గట్టిగా, పీచు లేకుండా, పులుసులో ముక్క చెదరకుండా. ఊరు నా నోటిని మెచ్చుకుంది. నేను నవ్వాను.

పోయిన కార్తీకంలో చేపలామె తట్ట దించుతూ మాటల్లో అంది: "ఆ మొక్కలాయన ఇప్పుడు రొయ్యల గుంటల కాడ కాపలా ఉండాడక్కా. నిన్న చూసినా. అంట్లు కట్టేది మానేసినాడంట. ఈ ఊళ్ళల్లో ఆయన కాడ కొనేవాళ్ళెవరు?"

ఆ పూట పులుసు పెట్టాను గానీ తినలేకపోయాను. నలభై ఏళ్ళు అంట్లు కట్టిన చేతులవి. మేకను తోలినంత తేలిగ్గా ఆయన్ను ఆయన పని నుంచి తోలేశాను. అదీ ఎందుకు? గేటు గడియ నేనే వెయ్యలేదని మొగుడి ముందు ఒప్పుకోలేక. నా మీద నాకే రోత పుట్టింది. మూడు రోజులు అలాగే తిరిగాను.

నాలుగో రోజు చేపలామె వచ్చినప్పుడు గేటు దగ్గర మరో నలుగురు ఆడవాళ్ళున్నారు. మా ఇంటాయన గడప మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. నేను ఎవరి మొహమూ చూడకుండా చెప్పేశాను. "ఆ పెద్దాయన మంచి మొక్కే ఇచ్చినాడు. నేను గేటు తీసిపెట్టినా. మేక తినేసింది. మట్టి కప్పి అబద్ధం చెప్పినా. ఆయన తప్పేం లేదు. పది ఊళ్ళల్లో ఇదే చెప్పు నువ్వు."

చేపలామె తట్ట మీద తడి గోనె సర్దుతూ, "నాకు తెలుసు గదక్కా," అంది. "ఆ మేకను హేయ్ అని అదిలించింది నేనే."

"మరి ఆ రోజు నేను చీమ కూడా రాదన్నప్పుడు ఎందుకు ఊరుకున్నావు?"

"నువ్వు అట్టా అరస్తా ఉంటే యాడ చెప్పేది?" అంది. కోపంగా కాదు, ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు అంది.

నేను మా ఇంటాయన వైపు చూశాను. ఆయన నూనె సీసా మూత పెట్టుకుంటున్నాడు. ఎనిమిదేళ్ళు దాచిన సంగతి కదా, ఏ మేక, ఎప్పుడు, అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. అంటే ఆయనకూ మొదటినుంచీ తెలుసు. మట్టి ఎగదోసిన రోజు "ఊ" అన్నది తెలిసే అన్నాడు. "బండి తియ్యమంటావా?" అన్నాడు లేచి.

రొయ్యల గుంటల గట్టు మీద తాటాకుల కొట్టం. ఆ పెద్దాయన బయట రాయి మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి తడబడి లేచాడు, మళ్ళీ తిట్టడానికి వచ్చాననుకున్నాడేమో. నేను తెచ్చిన కాయల సంచి ఆయన చేతికిచ్చాను. ఒక కాయ తీసి తొడిమ దగ్గర వాసన చూశాడు. మొహం విప్పారింది. "కార్తీకం కాయ" అన్నాడు.

"తప్పు నాది. నన్ను క్షమించండి" అన్నాను. ఆయనను మీరు అనడం అదే మొదటిసారి. మాటలో మార్పు ఆయనకూ వినిపించినట్టుంది, ఇబ్బందిగా కాయల వైపు చూశాడు. వచ్చే వానలకు మొక్కలు కట్టి తెమ్మన్నాను. మా గేటు ముందే పెట్టుకోమన్నాను, పక్కన నేను కూర్చుని, కొనడానికి వచ్చిన ప్రతి మనిషికీ జరిగింది జరిగినట్టు చెబుతానన్నాను. ఆయన తన చేతులు చూసుకున్నాడు. వేళ్ళ మీద జీడి మచ్చలు పోయి, చర్మం గుంట నీళ్ళకు తెల్లగా నాని ఉంది.

"చూస్తామమ్మా," అన్నాడు. "మొక్కలకు ఇప్పుడు నా కాడ చోటు లేదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుపులో కూడా నా బుద్ధి పోలేదు, తప్పులో కొంచెం ఆయనకూ పంచాలని చూసింది. "ఆ రోజు పుల్ల చూసినప్పుడే నలుగురిలో నన్ను కడిగెయ్యాల్సింది," అన్నాను. "పోనీ నన్ను పక్కకు పిలిచైనా ఒక్క మాట అడగాల్సింది గదా!"

ఆయన నన్ను విచిత్రంగా చూశాడు.

"మేక కొరికిందా అని అడిగినా గదమ్మా" అన్నాడు.